మూడు లామోకుల పరమాన్నం

1965 జూలై పదకొండు, ఆదివారం. ఆ మధ్యాహ్నం మేము తిన్నది ఎర్రపప్పు, మునగాకు పులుసు, టమాటా రుగాయ్, వేడన్నం. గౌరీదేవి నాలుగు ముద్దలు తిన్నది. ఆ రోజుల్లో ఆమె తిన్న ముద్దలు లెక్కపెట్టడం నాకు అలవాటైపోయింది. రెండే తిన్న రోజున నాకూ ఆకలి ఉండేది కాదు. ఆ రోజు నాలుగు తిన్నది గనక నేను రెండోసారి అన్నం పెట్టుకున్నాను.

మా పూర్వులు చెరుకు కూలికి ఓడెక్కి వచ్చిన ఈ దీవిలో, సెయింట్ పియర్ ఊళ్ళో మా ఇల్లు చెరుకు తోటల అంచున ఉంటుంది. జూలైలో చెరుకు పూస్తుంది. గౌరి పడుకున్న గది కిటికీలోంచి చూస్తే పొలం మీద బూడిదరంగు ఈకలు పరిచినట్టు ఉండేది. గాలి వస్తే అదంతా ఒకేసారి ఒక పక్కకి ఒరిగి, మళ్ళీ నెమ్మదిగా లేచేది. దాని వెనక మోకా కొండలు సగం రోజులు మబ్బులోనే ఉండేవి. మిల్లు నడిచే కాలం కాబట్టి మరిగే చెరుకు రసం వాసన తలుపులు వేసినా ఇంట్లోకి వచ్చేది. గౌరి అటు చూస్తూ పడుకునేది. గుండె జబ్బు. పొయ్యి దగ్గర నిలబడితే ఊపిరి ఆడేది కాదు. అప్పటికి రెండు నెలలుగా వంట మా అమ్మాయి పార్వతీదేవి చేస్తోంది. దానికి పద్నాలుగేళ్ళు.

గౌరికి పప్పు, పులుసు గురించి బెంగ లేదు. ఆమె బెంగంతా పరమాన్నం గురించే. మా ఊళ్ళో ఏటా మార్చి నెలలో రామభజనం జరుగుతుంది. ఇత్తడి దీపస్తంభం చుట్టూ తిరుగుతూ తెల్లవార్లూ పాడతారు. ఆ రాత్రి పంచే పరమాన్నం ముందు ఆమె అమ్మమ్మ పోలమ్మ వండేది, తరవాత గౌరి వండింది. దానికొక పెద్ద ఇత్తడి గుండిగ ఉంది. వండే ఇంట్లోనే అది ఉండాలని కట్టుబాటు. పద్దెనిమిదేళ్ళుగా అది మా వంటింటి మూల బోర్లించి ఉంది.

బియ్యం కొలత ఒక లామోక్‌తోనే. లామోక్ అంటే చెవి అతికించిన రేకు డబ్బా. గట్టిపాల డబ్బాకి తీగ చెవి పెట్టినా లామోకే. మా దీవిలో అది లేని వంటిల్లు ఉండదు, ఏ రెండు ఇళ్ళ లామోకులూ ఒక్కంత ఉండవు. గౌరిది పోలమ్మ ఇచ్చినది. అడుగు తుప్పు పట్టి, వేలితో నొక్కితే లోపలికి పోయేట్టు ఉండేది.

"ఈ డబ్బా పోతే?" అన్నాను ఆ మధ్యాహ్నం.

"ఇంకోటి కొంటాం."

"అది దీనంతే ఉండదు గదా."

"సరే, ఉండదు. చెయ్యికి తెలుస్తాది."

"నీ చేతికి తెలుస్తుంది. పార్వతి చేతికో?"

"అయితే తూచండి," అంది. "మిల్లులో రోజంతా అదే పని గదా మీకు. ఇంట్లో ఒక్కసారి తూస్తే ఏం పోతాది?"

నిజమే. రెద్వీలోని వ్యవసాయ కళాశాలలో చదువుకుని నేను పంచదార మిల్లు లాబొరేటరీలో చేరాను. అక్కడ డబ్బాల కొలతను ఎవరూ నమ్మరు, బరువునే నమ్ముతారు. ఒకే డబ్బాలో పంచదార వదులుగా పోస్తే ఒక బరువు, కుదిపి పోస్తే ఇంకొక బరువు. వాన రోజుల్లో మరొకటి. డబ్బా తుప్పు పడుతుంది, సొట్ట పడుతుంది. కాగితం మీద రాసిన గ్రాములకు తుప్పు పట్టదని అప్పుడు నేను నమ్మేవాణ్ణి.

పాత త్రాసు ఒకటి లాబొరేటరీలో వాడకుండా పడి ఉండేది. కబురు పెడితే, నాతో పనిచేసే మార్సెల్ ఆ సాయంత్రమే దాన్ని గోనెలో చుట్టి, సైకిలు వెనక కట్టి తెచ్చి ఇచ్చాడు. ఇత్తడి తూనికరాళ్ళ పెట్టెను మాత్రం చొక్కా లోపల పెట్టుకుని తెచ్చాడు.

"జాగ్రత్త, మో ఫ్రేర్," అన్నాడు, క్రియోల్‌లో నన్ను సోదరా అని పిలుస్తూ. "ఒక్క రాయి పోయినా మా దొర దాని బదులు నా తలకాయ పెట్టి తూస్తాడు."

"నీ తలకాయ అంత బరువుండదులే," అన్నాను. లోపలి గదిలోంచి గౌరి నవ్వు వినిపించింది. ఆ నవ్వు విన్నాకనే మార్సెల్ వెళ్ళాడు. దానికోసమే అంతసేపు నిలబడ్డాడని నాకు తరవాత తోచింది.

త్రాసును గౌరి గది గుమ్మం బయట బల్ల మీద పెట్టాం. ఆ రోజు వండేది లేదు, కొలవడమే. పార్వతి బియ్యం బస్తా దగ్గర కూర్చుంది. నేను మిల్లు నోటు పుస్తకం తెరిచి, పెన్సిలు చెక్కుకున్నాను. గౌరి మంచం మీంచే బియ్యం పడే చప్పుడు వింటూ చెబుతానంది. ఎక్కువ మాట్లాడితే ఆయాసం, అందుకని మంచం ఇనప ఊచ మీద ఉంగరంతో కొడతానంది.

పార్వతి లామోక్ నింపి, వేలితో అంచు తుడిచి, పళ్ళెంలో పోసింది.

"లాభం," అంది గౌరి లోపల్నుంచి, కళ్ళు మూసుకుని.

కొలత మొదలుపెట్టేముందు దేవుణ్ణి తలుచుకుంటోందని అనుకున్నాను. మా ఇంట్లో రోజూ పొద్దున్నే పిడికెడు బియ్యం అమ్మోరి పేర ఒక డబ్బాలో తీసిపెడతారు. పండుగ వంట కాబట్టి పిడికెడుకు బదులు నిండు లామోక్ తీసినట్టుంది అనుకుని, ఆ బియ్యాన్ని అమ్మోరి డబ్బాలో పొయ్యమని పార్వతికి చేత్తో చూపించాను. అది పోసి వచ్చింది. అప్పుడు అసలు లెక్క మొదలుపెట్టాను.

పార్వతి పోసింది. ఉంగరం ఊచ మీద మోగింది. ఒక గీత గీశాను. మళ్ళీ పోసింది, మళ్ళీ మోగింది. మూడోసారి మోగాక "చాలు" అని వినిపించింది. మూడు గీతలు. లామోక్‌కు రెండు వందల యాభై ఎనిమిది గ్రాములు, దుకాణం లెక్కలో సగం లీవుకు, అంటే అర పౌనుకు, కాస్త ఎక్కువ. మొత్తం ఏడు వందల డెబ్బై నాలుగు. పంచదార లామోక్‌తో కాదు, నిండు చెంబు ఒకటి. అది ఎనిమిది వందల ముప్పై. పాలు ఎనిమిది సీసాలు. కొబ్బరికాయలు రెండు.

ఏలకుల పొడి దగ్గర చిక్కు వచ్చింది. "మూడు చిటికెలు," అంది.

"ఎవరి చిటికె?"

"నాదే. ఇంకెవరిది?"

త్రాసు మంచం దగ్గరికి తీసుకువెళ్ళాను. ఆమె మూడు చిటికెలు వేసింది. పక్కన నేనూ మూడు వేసి చూశాను. నా చిటికె ఆమె చిటికెకు ఒకటిన్నర వచ్చింది. పార్వతి పకపకా నవ్వింది. గౌరి మాత్రం నవ్వలేదు. పళ్ళెంలో పొడి తుడిచేసి, తన కుడిచెయ్యి అందులో పెట్టింది.

"ఇది కూడా రాసుకోండి."

నేను రాళ్ళు ఒక్కొక్కటే వేశాను. ముల్లు మధ్యకు వచ్చింది. మూడు వందల నలభై.

"అంతేనా!" అంది, తన చేతినే కొత్తగా చూసుకుంటూ. "నిండు లామోక్ బియ్యం కంటే కొంచెం ఎక్కువ. మరి ఇన్నాళ్ళూ ఎంత పని చేసింది!"

పంచదార, పాలు, కొబ్బరి, ఏలకుల కింద ఆ పుస్తకంలో ఇప్పటికీ ఉంది: చెయ్యి, 340.

పార్వతి త్రాసు తీసుకుపోయాక గౌరి నా వైపు తిరిగింది. "గుండిగ ఈ ఇంట్లోనే ఉండాలి," అంది.

"ఉంటుంది."

"ఊరికే ఉండటం కాదు. వండాలి."

"వండుతాం. మాట ఇస్తున్నాను."

గౌరి ఆగస్టు నెల దాటలేదు.

*

మొదటి ఏడు మా ఇంట్లో పండుగ వంట లేదు. గుండిగ మా ఇంటినుంచి మోయించుకుపోయి పరమాన్నం గౌరి అక్క రంగమ్మ వండింది. రెండో ఏడూ ఆమే వండింది. నాకు ధైర్యం చాలలేదు. ఈలోగా లామోక్ అడుగు ఊడిపోయింది. పార్వతి దాన్ని పారేయకుండా మట్టి నింపి, తులసి నారు వేసి కిటికీలో పెట్టింది. అడుగున చిల్లు ఉండటం మొక్కకు మంచిదయింది. నీళ్ళు నిలవకుండా అది బాగా పెరిగింది.

1968 ఫిబ్రవరిలో ఒక సాయంత్రం భజన గురువు అప్పయ్య గారు వచ్చారు. గొడుగు గుమ్మంలో ఆనించి, టీ తాగి, గుండిగ వైపు చూశారు.

"భజనం తొమ్మిదో తారీకు, శనివారం," అన్నారు. "మంగళవారం జెండా మారతాది, ఇంగ్లీషోళ్ళది దిగి మనది ఎక్కుతాది. ఊరంతా రంగు కాగితాలు కడతన్నారు. ఈసారి జనం ఎక్కువొస్తారు గోపాలం."

"అవును గురువుగారూ."

"రంగమ్మ పరమాన్నానికి పేరు పెట్టేది లేదు. గుండిగ ఇక్కడ, పొయ్యి అక్కడ. మోసినోళ్ళకి రెండేళ్ళూ నడుములు పట్టేసినాయి. అది ఉన్న ఇంట్లో వండాలి, వండే ఇంట్లో అది ఉండాలి. అవునా?"

"అవును."

"ఈ ఏడు మీ ఇంట్లో వండితే సరే. లేదంటే రంగమ్మ ఇంటికి పంపించేయి, అక్కడే ఉంటాది. నేను గట్టిగా చెప్పలేదు చూడు, మెల్లగానే చెప్పాను."

నిజంగానే మెల్లగా చెప్పారు. నేను "మేమే వండుతాం" అన్నాను. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. పార్వతి వింటోంది.

మరుసటి ఆదివారం లెక్కలో నాలుగో వంతుతో వండి చూశాం. పుస్తకంలో ఉన్నదాన్ని నాలుగుతో భాగించి, మార్సెల్ మళ్ళీ తెచ్చిన త్రాసులో నూట తొంభై మూడున్నర గ్రాముల బియ్యం తూచాను. ఆ అర గ్రాము కోసం పార్వతి గింజ గింజా వేస్తూ నా మొహం చూసింది. పాలు పొంగాయి, బియ్యం ఉడికింది, ఏలకుల వాసన కూడా గౌరి వాసనలాగే వచ్చింది. తీరా గరిటె ఎత్తితే అది ధారగా కారింది. పైగా నోరు కట్టేసేంత తీపి.

మార్సెల్ ఆ సాయంత్రం వచ్చాడు. గిన్నె చేతికిస్తే చెంచా పక్కన పెట్టి గటగటా తాగేశాడు.

"సా ఎన్ లాసూప్ సా!" అన్నాడు. "మంచి సూప్. నిజంగా. కానీ సూపే."

"ఇంకోసారి పొయ్యనా అంకుల్?" అంది పార్వతి నన్ను ఓరగా చూస్తూ.

"పొయ్యమ్మా. సూపంటే నాకు ఇష్టమే."

రెండో ఆదివారం ఎక్కువసేపు మరిగించాం. చిక్కబడింది, కానీ ఎర్రగా మారి, మిల్లులో అడుగంటిన పానకం వాసన వేసింది. అది ఎవరి పరమాన్నమో తెలియలేదు.

"నాన్నా, గుప్పెడు బియ్యం ఎక్కువ వేద్దాం," అంది పార్వతి.

"వద్దు."

"ఎందుకు వద్దు?"

"అది మీ అమ్మ చెప్పిన లెక్క."

"అమ్మ ఏనాడన్నా త్రాసు పట్టుకుందా?"

"అందుకే నేను పట్టుకున్నాను."

"లెక్క తింటామా నాన్నా?" అంది. మాట కటువుగా వచ్చిందని దానికే తెలిసి, గిన్నెలు తీసుకుని బయటికి వెళ్ళింది. కుళాయి కింద అవి చాలాసేపు మోగాయి.

ఆ మూడు గీతలు గీస్తున్నప్పుడు ఉంగరం చప్పుడు నా చెవిలో పడింది. ఆమె దగ్గర కూర్చుని నేను చేసిన ఆఖరి పని అది. ఒక గుప్పెడు కలిపితే పరమాన్నం బాగుంటుందేమో, ఆమె మాత్రం తప్పు చెప్పినట్టవుతుంది. జబ్బుతో ఉన్న మనిషి, ఊపిరి ఆడక లెక్క తప్పిందని నేను ఒప్పుకున్నట్టవుతుంది. అది నాకు చేతకాలేదు.

ఆ వారంలో ఒక కల వచ్చింది. లాబొరేటరీలో ఒక్కణ్ణే ఉన్నాను. కిటికీల నిండా చెరుకు పూలు. త్రాసు పళ్ళెంలో ఏవేవో పెడుతున్నాను: రేకు కప్పు మీద వాన చప్పుడు, గాజుల మోత, మరిగే రసం ఆవిరి. దేనికీ ముల్లు కదలదు. ఎదుటి పళ్ళెంలో ఏముందని చూస్తే ఖాళీగా ఉంది. అయినా అది కిందికి దిగి ఉంది. గౌరి తలుపు దగ్గర నిలబడి, లామోక్ చేత్తో పట్టుకుని, నేను చూసేదాకా ఆగుదామన్నట్టు ఆగి ఉంది. నేను చూడగానే మెలకువ వచ్చింది. బయట సన్నగా తుంపర పడుతోంది. కల మధ్యలో తెగిపోయినా, ఆమె మొహం స్పష్టంగా కనిపించింది. అంతకు ముందు చాలా నెలలుగా కనిపించలేదు.

*

గురువారం మిల్లు నుంచి రాగానే రంగమ్మ ఇంటికి వెళ్ళాను. పక్క వీధే. ఆమె వరండాలో కూర్చుని చాటలో పప్పు ఏరుతోంది. వీధి పొడుగునా పిల్లలు ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ కాగితాలు దారానికి అతికిస్తున్నారు.

"రా మరిదీ," అంది. "మొహం చూస్తే తెలస్తంది. కాలేజీ పరమాన్నం కుదరలేదా?"

"లేదు వదినా. రేపు గుండిగ పంపిస్తాను. నువ్వే వండు."

ఆమె పప్పులోంచి ఒక రాయి తీసి, దూరంగా విసిరింది.

"గౌరికి మాటిచ్చినావంట గదా. పార్వతి చెప్పింది."

"ఇచ్చాను."

"మరి?"

"పలచగా వస్తోంది. ఎంత చేసినా పలచగానే."

"ఆ పుస్తకం తెచ్చినావా? చదువు, వింటాను."

జేబులోంచి తీసి చదివాను. బియ్యం ఏడు వందల డెబ్బై నాలుగు గ్రాములు.

"నీ గ్రాములు నాకెందుకు? లామోకులు చెప్పు."

"మూడు."

"మూడా?" చాట కింద పెట్టింది. "ఎనిమిది సీసాల పాలకి మూడా? గౌరి చెప్పిందా అలా?"

"ఉంగరంతో కొట్టింది వదినా. మూడుసార్లు. నేను విన్నాను."

"నా చెల్లెలు జబ్బుతో పడుకున్నా లెక్క తప్పే మనిషి కాదు. నువ్వూ లెక్క తప్పే మనిషివి కాదు. మరి బియ్యం ఏమయినాయి? ఎలుక తిన్నాదా?" లేచి, మోకాళ్ళు పట్టుకుంటూ లోపలికి వెళ్ళి, తన లామోక్, బియ్యం డబ్బా, ఇంకో ఖాళీ చాట తెచ్చి, చాటను ఒడిలో పెట్టుకుని కూర్చుంది. "ఎలా కొలిచారో చూపించు. నేను పోస్తాను. నువ్వు ఆ రోజు చేసినట్టే గీతలు గీసుకో."

ఆమె లామోక్ నింపింది. అంచు తుడిచి చాటలో పోసింది.

"లాభం," అంది. మళ్ళీ నింపి పోసింది. "రెండు."

నా పెన్సిలు కదలలేదు.

"గీయవేం?"

"వదినా, ఆగు. ముందు ఏమన్నావు?"

"లాభం అన్నాను."

"ఒకటి అనలేదేం?"

ఆమె నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. "బియ్యం కొలిచేటప్పుడు మొదటిదాన్ని ఒకటి అంటారా ఎవరన్నా? లాభం అంటారు. లాభం, రెండు, మూడు. మా అమ్మమ్మ పోలమ్మ ఎస్టేటులో రేషను బియ్యం కొలిచేది. వందమంది నిలబడేవాళ్ళు. లాభం అనకుండా మొదలుపెడితే కొలత ముట్టుకునేవాళ్ళు కాదు. నీకు తెలీదా?"

నాకు తెలియదు. మా నాన్న పోర్ట్ లూయిస్‌లో గుమాస్తా. ఇంట్లో క్రియోల్, బడిలో ఫ్రెంచి. తెలుగు సాయంత్రం బడిలో పుస్తకం చూసి నేర్చుకున్నాను. పుస్తకంలో ఒకటి, రెండు, మూడు అనే ఉంది. పెళ్ళయ్యాక పద్దెనిమిదేళ్ళు వంటింటి గుమ్మం ఇవతల కూర్చుని పత్రిక చదివాను. అవతల ఆమె రోజూ బియ్యం కొలుస్తూ ఏమంటోందో ఒక్కనాడూ చెవిపెట్టి వినలేదు.

"గౌరి కూడా అలాగే కొలిచేదా?"

"మరి ఎలా కొలుస్తాది?"

"లాభం అంది వదినా. ముందు లాభం అని, తరవాత మూడుసార్లు ఉంగరంతో కొట్టింది."

"అయితే నాలుగు. సరిగ్గానే చెప్పింది గదా! మొదటి లామోక్ ఏం చేశావు?"

"దేవుడికి తీసింది అనుకుని... అమ్మోరి డబ్బాలో పోయించాను."

రంగమ్మ నోరు తెరిచింది. తరవాత నవ్వడం మొదలుపెట్టింది. చాట ఒడిలోంచి జారి బియ్యం వరండా నిండా పడింది. కాగితాలు కట్టే పిల్లలు ఆగి చూశారు. ఆమె నవ్వుతూ నవ్వుతూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తుడుచుకున్నకొద్దీ అవి ఆగలేదు. కాసేపటికి అది నవ్వు కాదు.

"రెండున్నరేళ్ళు," అంది చివరికి. "రెండున్నరేళ్ళు నా చెల్లెలి లామోక్ అమ్మోరి దగ్గరుంది. పోన్లే. అమ్మోరే గదా తిన్నాది."

ఇద్దరం వంగి బియ్యం ఏరాం. ఏరుతూ అన్నాను: "నువ్వు చెప్పకపోతే గుండిగ నీ ఇంటికే వచ్చేది వదినా."

"వస్తే ఎవరు తోముతారు? నా మోకాళ్ళు చూసినావా?" అంది. తల ఎత్తకుండానే ఇంకో మాట అంది: "నా పరమాన్నం గౌరిదాని కంటే బాగుంటాదని ఊళ్ళో అందరికీ తెలుసులే. నువ్వొక్కడివి ఒప్పుకోవు, అంతే."

నేను ఒప్పుకోలేదు. ఆమె కూడా అది ఆశించలేదు.

ఇంటికి నడిచి వస్తుంటే కొండల మీద మబ్బు విడిపోయి ఉంది. గౌరి తప్పు చెప్పలేదు. ఆయాసంలో కూడా, కళ్ళు మూసుకుని, చప్పుడు విని, సరిగ్గా నాలుగు చెప్పింది. తప్పంతా నాది. నా జీవితంలో ఒక తప్పు నాదే అని తెలిసి అంత తేలిగ్గా ఎప్పుడూ నడవలేదు.

పార్వతి గుమ్మంలో నిలబడి ఉంది. నేను ఏం తేల్చుకుని వస్తున్నానో దానికి తెలియదు.

"గుండిగ ఎప్పుడు పట్టుకెళ్తారు?" అంది, గొంతు మామూలుగా ఉంచాలని చూస్తూ.

"ఎక్కడికీ పోదు," అన్నాను. "ఎల్లుండి ఒక కిలో ముప్పై రెండు గ్రాముల బియ్యం తూచాలి."

అది మనసులో లెక్క వేసుకుంది. "నాలుగా?" అంది. తరవాత మెల్లగా, "మొదటిది నేను అమ్మోరి డబ్బాలో పోశాను నాన్నా. నాకు గుర్తుంది. నువ్వు చేత్తో చూపించావు."

"నేనే చూపించాను."

అది నా చెయ్యి పట్టుకుంది, అంతే.

*

శనివారం పొద్దున్నే పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి పెట్టాం. మార్సెల్ వచ్చి గుండిగ ఎక్కించడానికి చెయ్యి వేశాడు. ఎనిమిది సీసాల పాలు పోశాం. బియ్యం నాలుగు భాగాలుగా తూచి నాలుగు గిన్నెల్లో పెట్టాను. పార్వతి మొదటి గిన్నె ఎత్తి, గుండిగ మీద ఆపి, నా వైపు చూసింది.

"లాభం," అన్నాను.

పోసింది. "రెండు" అది అంది. "మూడు" అని నేను. నాలుగోది ఇద్దరం ఒకేసారి అన్నాం. మార్సెల్ ఏమీ అర్థం కాకపోయినా టోపీ తీసి పట్టుకున్నాడు.

మధ్యాహ్నానికి గరిటె తిప్పితే దాని వెనక దారి పడి, నెమ్మదిగా పూడుకోసాగింది. ఆవిరి పెరడు దాటి, చెరుకు తోట మీదికి పోయింది. తోట వైపునుంచి చిన్న గాలి వచ్చి ఆ ఆవిరిని మళ్ళీ మా మొహాల మీదికే తెచ్చింది. ఏలకులు మాత్రం నేను వెయ్యలేదు. పార్వతి మూడు చిటికెలు వేసింది. తూచలేదు. దాని వేళ్ళు తల్లి వేళ్ళంతే ఉన్నాయి.

సాయంత్రం గుండిగ భజన మందిరానికి చేరింది. దీపస్తంభం వెలిగించి రెండు చుట్లు పాడాక పంచారు. అప్పయ్య గారు ఆకు దొన్నెలో ఒక ముద్ద తిని, కళ్ళు మూసుకుని, దొన్నె మళ్ళీ చాపారు. రంగమ్మ తిని, "పంచదార రవ్వంత తక్కువ" అంది. తక్కువ కాదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. వెనక వరసలో మార్సెల్ రెండోసారి దొన్నె పట్టుకుని, పార్వతితో రహస్యం చెప్పినట్టు, "సా పా లాసూప్, మామ్‌జెల్" అన్నాడు, ఇది సూప్ కాదమ్మా అని.

నేను చివరికి తిన్నాను. గుండిగ అడుగున గీకి పెట్టింది పార్వతి. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, తలుపు వైపు చూశాను. ఎవరూ లేరు. తాళాల చప్పుడు, దీపం, బయట వీధిలో గాలికి కదిలే రంగు కాగితాలు. నాలుగు ముద్దలు తిన్నాను.

భజన తెల్లవార్లూ సాగుతుంది. పార్వతి అలిసిపోయింది. మేము ముందే వచ్చేశాం. మార్సెల్, ఇంకో ఇద్దరూ గుండిగ మోసుకొచ్చి పెరట్లో దించి వెళ్ళారు. పార్వతి బూడిదతో తోముతుంటే నేను బల్ల దగ్గర కూర్చుని నోటు పుస్తకం తెరిచాను. మూడు గీతలు అలాగే ఉన్నాయి. ఏదీ కొట్టివెయ్యలేదు. వాటికి ఎడంపక్క కాస్త చోటు ఉంది. అక్కడ ఒక గీత గీసి, పైన చిన్న అక్షరాలతో లాభం అని రాశాను. కింద చెయ్యి, 340 అని ఉన్న చోట వేలు కాసేపు ఆగింది. పుస్తకం మూసేసి వెళ్ళి మంచం మీద వాలాను.

పార్వతి గుండిగను వంటింటి మూల బోర్లించింది. కిటికీలోని తులసికి మిగిలిన నీళ్ళు పోసింది. అమ్మోరి డబ్బా మూత సరిచేసింది. వంటింటి తలుపు కీలు కిరుకిరుమంటుంది. గౌరి దాన్ని ఎప్పుడూ కొంచెం పైకెత్తి వేసేది, నాకు నిద్ర చెడకుండా. పార్వతి నేను పడుకున్నాననుకుని దీపం తగ్గించి, తలుపును రెండు చేతులతో కొంచెం పైకెత్తి, చప్పుడు లేకుండా మూసింది.